కొత్తలకు ముందే కొరికిన కవిత

అరకు హాస్టల్లో మా తరగతి అమ్మాయి ఒకతె పుస్తకం చదివేటప్పుడు పెదాలు కదిపేది, మేక నెమరేసినట్టు. ఆ పోలిక నాదే, తరగతంతా నవ్వింది.

ఆ టర్మంతా ఆమె కవితలు రాసింది. ఎవరికీ చూపలేదు. సెలవులకు వెళ్ళి ముందు నానమ్మకు వినిపించాలట. మా కొండల్లో కొత్తల పండగ చేసి దేవతకు పెట్టనిదే కొత్త మామిడికాయ ఎవరూ కొరకరు. ఆమె లెక్కా అదే.

నేను నోట్‌బుక్ కొట్టేసి, భోజనాల వరుసలో గొంతు మార్చి చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే వేయడానికి ఇంకో జోకు సిద్ధంగా ఉంచుకున్నాను.

"కొత్తలవ్వకుండా కొరికేసినావు. ఎంగిలిది మా నానమ్మకెలాగెట్టను? నువ్వే ఉంచుకోరా" అంది.

నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది. ఆ తర్వాత ఆమె పెదాలు కదపకుండా చదవడం నేర్చుకుంది.