చెవులు లేని సైకిలు

ఆయన పద్దెనిమిదేళ్లుగా లేత్ మీద పనిచేస్తున్న టర్నర్. ఇనుములో అక్కర్లేనిది చెక్కేస్తే కావలసిన వస్తువు మిగులుతుందన్నది ఆయనకు చేతులు నేర్పిన సంగతి. పనికెళ్లే సైకిలునూ అలాగే చెక్కుకొచ్చాడు. ముందు స్టాండు పోయింది, తర్వాత మడ్‌గార్డులు, చైన్ కవరు, బెల్లు. ప్యాంటుకు గ్రీజు అంటకుండా భార్య ఆరేసే బట్టల క్లిప్పొకటి కాలి దగ్గర పెట్టుకునేవాడు. చివరికి క్యారియర్ విప్పేసి, ఇక దానితో పనేముందని అది బిగించడానికి ఫ్రేముకుండే చిల్లుల చెవుల్ని కూడా ఆకురాయితో ఆనవాలు లేకుండా అరగదీశాడు. వర్క్‌షాపులో మేస్త్రీ రోజూ ఆ సైకిలును రెండు వేళ్లతో ఎత్తి, "ఇంకా తీయడానికి తొక్కేవాడే మిగిలాడు" అనేవాడు.

అంతలో భార్యకు బట్టలు కుట్టే కంపెనీలో పని దొరికింది. వర్క్‌షాపు దాటాక రెండు వీధుల అవతల. సోమవారం చేరాలి. ఎనిమిదికి గేటు వేసేస్తారు, మొదటి బస్సు అక్కడికి చేరేదే ఎనిమిదింపావుకి. మొదటిరోజే ఆలస్యమైతే ఆ మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తామని సూపర్‌వైజరమ్మ ముందే చెప్పింది.

"మీ అస్థిపంజరం మీద నన్నెక్కడ కూర్చోబెడతారు?" అందామె కూర తరుగుతూ. నవ్వుతూనే అంది గానీ, చేతిలో కత్తి ఆగిపోయింది.

ఆయన అటక మీంచి పాత క్యారియర్ దించి పెట్టి చూశాడు. బిగించడానికి చెవులేవీ? తన ఆకురాయే తన కొంప ముంచింది. వెల్డింగ్ చేయిద్దామంటే అంత పలచటి గొట్టానికి చిల్లు పడుతుంది.

శనివారం భోజనాల వేళ డబ్బా మూత తీయకుండా లేత్ దగ్గరే నిలబడ్డాడు. వెనక గొట్టాల్ని పట్టుకునేలా రెండు ఉంగరాలు చేసి, ఒక్కోదాన్ని నిలువునా రెండుగా కోసి, బోల్టులు వేశాడు. గొట్టం గీసుకుపోకుండా లోపల పాత ట్యూబు ముక్క పెట్టాడు. సాయంత్రం ఇంటికెళ్లి క్యారియర్‌ను వాటికి బిగించాడు.

సోమవారం ఆమె వెనక కూర్చుని, ఆయన నడుం పట్టుకోవాలో సీటు పట్టుకోవాలో తేల్చుకోలేక సీటు పట్టుకుంది. వంతెన ఎక్కేచోట ఆయన ఊపిరి బరువెక్కడం విని, అడక్కుండానే దిగి వెనక నుంచి నెట్టింది. కంపెనీ చేరేసరికి ఎనిమిదికి ఇంకా ఆరు నిమిషాలుంది. వెనక్కి చూడకుండా లోపలికి పరుగెత్తింది.

వర్క్‌షాపు వాకిట్లో మేస్త్రీ అలవాటుగా ఎత్తబోయి, రెండు వేళ్లు చాలక చెయ్యంతా వేశాడు. "ఏంట్రా, లావెక్కింది?" అంటూ వంగి ఉంగరాల అంచు మీద బొటనవేలు నడిపాడు. ఎక్కడా గరుకు తగల్లేదు. మేస్త్రీ తడిమి వంక పెట్టలేదంటే ఆ షాపులో మెడల్ ఇచ్చినట్టే.

టర్నర్ జేబులో స్పానరుంది. ఇప్పుడు విప్పేసి సాయంత్రం మళ్లీ బిగించుకోవచ్చనుకునే తెచ్చుకున్నాడు. అది తీసి, క్యారియర్ బోల్టుల్ని ఇంకో పావు చుట్టు బిగించి లోపలికెళ్లాడు.