ఒళ్లు దులపని పొట్టేలు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. బడిలో సైన్సు చెప్పేవాడిని. జాతరలో పూనకాలు చూసినా నాకు నవ్వే వచ్చేది. ఇది చదివి మీరు నవ్వినా నాకేం బాధ లేదు.

అరవైల్లో మాట. మాది కోస్గి దగ్గర పల్లె, గొర్రెల కాపరుల ఇల్లు. బాపుకు ఏళ్ల తరబడి కడుపునొప్పి. తిన్నా నొప్పే, తినకపోయినా నొప్పే. చివరికి పట్నం దవాఖానలో ఎక్స్‌రే తీసి, క్లోమంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేశారు. క్లోమం అంటే ఏమిటో చెప్పబోతే, "ఎన్ని గొర్రెలను కోసిన్నో, నాకెరుకలేదా ర" అని నన్నే గదమాయించాడు.

వారం బాగానే గడిచింది. గంజి తాగాడు. అమ్మ మనసు కాస్త కుదుటపడి, మందను చూసి వస్తానని ఊరికి వెళ్లింది. నేను మంచం పక్కనే ఉండిపోయాను.

తర్వాత ఒక ఉదయం, కడుపులోంచి బయటికి వేసిన గొట్టంలో కొద్దిగా నెత్తురు కనిపించింది. చెంచాడు కూడా ఉండదేమో. అంతమాత్రానికే డాక్టరు ముఖం మారిపోయింది. క్లోమం రసం కారితే పక్కనున్న రక్తనాళాన్ని తినేస్తుందట. అది తెగితే తమ చేతిలో ఏమీ ఉండదన్నాడు. మళ్లీ కోయాల్సి రావచ్చు, నెత్తురు సీసాలు సిద్ధం చేయమని నర్సుకు చెప్పి వెళ్లాడు. నాకు భయం కూడా వేయలేదు. లోపల ఏదో మొద్దుబారిపోయింది.

మధ్యాహ్నం కునుకు తీస్తున్న బాపు ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు.

"నీళ్లు జల్లుతుండ్రు ర. పసుపు నీళ్లు. నెత్తిమీద, ఈపుమీద."

మాలో మల్లన్నకు పొట్టేలును ఇచ్చేముందు దానిమీద పసుపు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులిపితే బలికి ఒప్పుకున్నట్టు. దులపకపోతే ఎంతసేపైనా ఆగాల్సిందే, కత్తి ఎత్తరు.

నుదురు పట్టుకుని చూశాను. తడిగా, చల్లగా ఉంది. లోపల నెత్తురు పోతుంటే చల్లటి చెమటలు పడతాయని నాకు తెలుసు. నర్సును కేకేశాను.

"ఎవ్వరు జల్లుతలేరు బాపూ."

"గది నా చేతుల పెరిగిన పొట్టేలు. తల్లి సస్తె నేనే పాలు తాపి సాదిన. దాన్ని ఇడిసిపెట్టుమను." కాసేపు పైకప్పు వంక చూశాడు. "నేనే దులుపుకుంట తియ్."

అని తల నుంచి పాదాల దాకా ఒక్కసారి ఒళ్లు విదిలించాడు. మంచం కిర్రుమంది. ఆ వెంటనే కట్టు ఎర్రబడింది, గొట్టం నిండిపోయింది. పరుగున లోపలికి తీసుకెళ్లి మళ్లీ కోశారు. ఎక్కించిన నెత్తురు ఎక్కించినట్టే పోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి బాపు లేడు.

నాకు ఏడుపు రాలేదు. ఆయన చెప్పులు తీసి సంచిలో పెట్టుకున్నాను.

తెల్లారి కిరాయి జీపులో శవాన్ని ఊరికి తెచ్చాను. వాకిట్లో ఒక పొట్టేలు కట్టేసి ఉంది. మెడలో వేపమండలు, వీపంతా పసుపు.

"నిన్న పగటీలి, ఎండ నెత్తిమీదికొచ్చినంక, మొక్కు చెల్లిద్దామని మీ అమ్మ దీన్ని నిలవెట్టింది," అన్నాడు చిన్నాయిన. "కడవలకు కడవలు పోసినం. ఒళ్లు దులపనేలేదు ర."

ఆ మొక్కు అమ్మ ఊరికి వెళ్లాక అనుకున్నదేనట. దవాఖానకు కబురు రాలేదు, వచ్చే దారీ లేదు. మందలో అన్ని ఉండగా తను పాలు పట్టి పెంచిన ఆ పొట్టేలునే నిలబెట్టారని బాపుకు ఎవరు చెప్పారు? జ్వరంలో పలవరించాడనుకుందామంటే ఒంట్లో జ్వరం లేదు. ఇన్నేళ్లూ తిప్పి తిప్పి ఆలోచించాను. నేను చదివిన సైన్సు ఏదీ దీనికి అందలేదు.

అమ్మ శవం పక్కన కూలబడి, "దేవుడు ఒప్పుకోలే బిడ్డా, నేనేం తప్పు జేసిన్నో" అని ఏడ్చింది. బతికినన్నాళ్లూ అదే మాట అంటూ ఉండేది. ఒప్పుకున్నదెవరో ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.