ఎర్తు గుంతకు నీళ్లు

మా అత్త నాకు పెళ్లితో కొత్తగా వచ్చిన అత్త కాదు, నాయనకు సొంత అక్క. అందుకే మా ఇద్దరి మధ్య మొహమాటాలు ఉండేవి కావు. పొద్దున్నే పోట్లాడుకుని మధ్యాహ్నం ఒకే పళ్లెంలో తినేవాళ్లం. అలాంటి మనిషికి ఒక విషజ్వరం తర్వాత నడుము కింద స్పర్శ పోయింది. అనంతపురం డాక్టరు ఆమెను కళ్లు మూసుకోమని పాదాల్లో సూది గుచ్చి చూశాడు. "ఊఁ, గుచ్చప్పా, ఎంతసేపు?" అంది అత్త. అప్పటికే రెండుసార్లు గుచ్చేశాడాయన.

"రోజూ నడుము దాకా వేడినీళ్లలో కూర్చోబెట్టి కాళ్లు ఆడించండి. స్పర్శ తిరిగొస్తే నడక కూడా వస్తుంది" అని చెప్పి పంపాడు.

బుక్కరాయసముద్రంలో మా ఇంటి వెనక గొడ్లకు నీళ్లు పెట్టే సిమెంటు తొట్టి ఉండేది. దాన్ని తోమి కడిగి అత్తకిచ్చాం. చలికాలం. తొట్టెడు నీళ్లు కాచాలంటే తెల్లారకముందు నుంచీ పొయ్యిలోకి వేరుశనగ పొట్టు ఎగదోస్తూ కూర్చోవాలి. పొగకు నా కళ్లు మిరపపండ్లయ్యేవి. గుంతకల్లు రైల్వేలో పనిచేస్తూ ఆదివారం మాత్రమే ఇంటికొచ్చే మా ఆయనకు ఆ వారం తిట్లన్నీ ఒకేసారి పడేవి.

నా తిట్ల పుణ్యమో ఏమో, ఒక ఆదివారం ఆయన గోనెపట్టాలో చుట్టి ఒక ఇనప గొట్టం తెచ్చాడు. ఈతకొలనులో నీళ్లు వెచ్చబెట్టే విలాయతీ హీటరట. ఉద్యోగం ముగించుకుని లండనుకు పోతున్న ఒక దొర వదిలేసిపోయాడట. ఆ మాట వినగానే అత్త పడీ పడీ నవ్వింది.

"గుంతకల్లులో ఈతకొలనా? తాగే నీళ్లకే కొట్టుకు సస్తాంటే! ఆ దొరకు ఎవురూ చెప్పల్యాదా నాయనా?"

అనంతపురంలో వైరింగు పని చేసే సాయిబును పిలిపించాం. ఊరందరికీ ఆయన భాయ్. హీటరును అటూ ఇటూ తిప్పి చూసి, దీపాల తీగకు తగిలిస్తే తీగే కాలిపోతుందన్నాడు. బావి మోటారు బోర్డు నుంచి లావుపాటి తీగ వేరుగా లాగి, దానికొక పెద్ద స్విచ్చి పెట్టాడు. తర్వాత గోడవారగా మనిషి లోతు గుంత తవ్వించి, అందులో రాగి రేకు దించి, బొగ్గు ఒక పొర, ఉప్పు ఒక పొర వేసి పూడ్చాడు. హీటరు ఒంటి నుంచి ఒక తీగ ఆ రేకుకు కలిపాడు.

"ఇది ఎర్తు గుంతమ్మా. కరెంటు దారి తప్పి ఇనుములోకి వచ్చిందనుకో, ఈ తీగమ్మడి మన్నులోకి పోతాది. మన్ను తడిగా ఉంటేనే పోతాది. దినమూ కడవ నీళ్లు పొయ్యల్ల. పెద్దమ్మ తొట్లోకి దిగేముందు స్విచ్చి ఆర్పల్ల. ఈ రెండూ మర్సిపోవద్దు."

మేం మరిచిపోలేదు. ఆ సంగతి నేను ఎవరితోనైనా చెప్పగలను. కానీ ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బావి అడుగు తేలింది. ఎండిన చెరువులో చెలమలు తోడి, ఊరే నీళ్లను చిప్పతో కడవకెత్తుకుని వచ్చేదాన్ని. తొట్టి నీళ్లే మార్చకుండా రోజుల తరబడి వాడుకుంటున్నాం. అలాంటప్పుడు నేను గుంతలోకి కడవ వంచుతుంటే అత్త ప్రాణం విలవిల్లాడేది.

"మనుషులకు తాగేకి ల్యాకపోతే మన్నుకు పోస్తావా? ఇంగ పోసినావంటే నా మీద ఒట్టే!"

అత్త ఒట్టు వేస్తే మా ఇంట్లో ఎవరూ దాటరు. స్విచ్చి దగ్గరా అదే గొడవ. "ఆర్పితే సల్లగయితాయి, ఉండనీ" అనేది. నేను రెండు పోట్లాటలూ పోట్లాడి రెండింట్లోనూ ఓడిపోయాను.

ఒక పొద్దున నేను పెరట్లో గిన్నెలు తోముతుంటే కేక వినిపించింది.

"ఒమ్మే! ఇట్లరాయే! పాదాల్లో చీమలు పాకుతాండాయే!"

మామ పోయిననాడు కూడా నలుగురిలో ఏడవని మనిషి బొటబొటా కన్నీళ్లు కారుస్తోంది. నాకు ఒళ్లు తెలియలేదు. తడికాళ్లతోనే పరుగెత్తి, ఆమె పాదం పట్టుకుందామని నీళ్లలో చెయ్యి పెట్టాను. భుజం దాకా ఎవరో బలంగా గుంజినట్టయింది. వెల్లకిలా పడ్డాను. లేచి ఒక్క ఉరుకున పోయి స్విచ్చి కిందికి లాగేశాను.

"నిలిసిపాయనే..." అంది అత్త, నీళ్లలో తన కాళ్లకేసి చూసుకుంటూ. "యాడికి పోయినాయే అవి?"

నేను ఆమెను తొట్లోంచి ఎత్తి మంచం మీద వేసి, భాయ్‌కు కబురు పెట్టాను.

మధ్యాహ్నం భాయ్ వచ్చి గుంతలో గడ్డపార దించితే దుమ్ము లేచింది. హీటరు లోపల ఎక్కడో కరెంటు కారుతోంది, పోవడానికి దాని దారి ఎండిపోయింది. ఆయన అత్తవైపు ఒకసారి చూసి, "అల్లా పెద్దోడు" అని మాత్రం అన్నాడు. అత్త అప్పటికే మంచం మీది నుంచే గోడ అవతలికి కేకేసి ఇరుగు పొరుగుకు చీమల సంగతి చెప్పేసింది. కసాపురం ఆంజనేయస్వామికి నడిచి వస్తానని మొక్కేసుకుంది. చెబితే ఆమె ఆశ చస్తుంది, చెప్పకపోతే రేపు మళ్లీ అందులోనే కూర్చుంటానంటుంది. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. దీపాలు పెట్టే వేళకు నా ఓపిక అయిపోయింది.

"అవి చీమలు కాదత్తా, కరెంటు! నీళ్లు పొయ్యొద్దని ఒట్టేసుకుంటివి గదా, గుంత ఎండిపోయింది. నువ్వు సచ్చింటే నేను యాడికి పోవల్ల?" అని అరిచి, కూలబడి ఏడ్చాను.

అత్త మొక్కు కోసం పసుపు గుడ్డలో కట్టిన ముడుపును వేళ్లతో తడుముతూ కూర్చుంది.

"డాక్టరు సూది గుచ్చినప్పుడు నాకు తెలీల్యా గదా?" అంది చివరికి.

"తెలీల్యా."

"కరెంటు తెలిసె గదా?"

నేను ఏడుపు ఆపి ఆమె మొహం చూశాను.

"మళ్ల? కాళ్లు సచ్చింటే కరెంటైనా యాడ తెలుస్తాదే? పో, బొంతలు కుట్టే సూది తే. పోతా పోతా ఆ గుంతకు కడవ నీళ్లు పోసిపో."

నీళ్లు పోసి సూది తెచ్చాను. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. మడమ మీద గుచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. అరికాలి మధ్యలో గుచ్చాను. లేదు. బొటనవేలి దగ్గరికి వచ్చాను.

"ఇస్స్! మెల్లగా గుచ్చవే, నీ చెయ్యిరగ!"

నేనింకా గుచ్చలేదు. సూది మొన ఆనించానంతే.