కడగని వేళ్ళు

మస్నియాని మేమంతా అచిల్ అనే పిలుస్తాం. మా బంజార్‌వాళ్ళ భాషలో అచిల్ అంటే పిన్ని. చిత్తడిలో మొలిచే పురున్ తుంగ కోసి చాపలు అల్లుతుంది. అరవై ఏళ్ళొచ్చినా ఎవరికీ జంకే రకం కాదు.

బొగ్గు తవ్వుకున్న కంపెనీ సిగ్గు లేకుండా చెరువంత గొయ్యి వదిలేసింది. అందులోంచి పుల్లటి ఎర్రనీళ్ళు కిందనున్న అచిల్ మడిలోకి దిగి, వరసగా రెండేళ్ళు నారుని మాడ్చేశాయి. ఆవిడకున్నది ఆ ఒక్క మడే. ఇంకో పంట పోతే తెగనమ్ముకోవడమే గతి.

చివరికి కంపెనీ ఇంజనీరు హెర్లాంబాంగ్ గోతిలో పురున్ నాటిస్తానన్నాడు. నీళ్ళ పులుపుని అది విరుస్తుందట. నాటే పని మా చాపలవాళ్ళకే ఇచ్చాడు. అక్కడే మేం కొంప ముంచుకున్నాం. చాపల తుంగని మట్టి రవ్వంత కూడా లేకుండా కడుగుతాం, మచ్చ పడితే సంతలో ఎవరూ ముట్టరు. చేతులకి అదే అలవాటు. మా చిత్తడిలోంచి పీకిన దుబ్బుల వేళ్ళని కాలవలో తెల్లగా తోమి మరీ నాటాం. నెల తిరక్కుండా చచ్చాయి. ఈ మొక్కతో పని జరగదని రాసేసి ఇంజనీరు చేతులు దులుపుకున్నాడు.

అచిల్ ఒప్పుకోలేదు. ఒక్కతే వెళ్ళి గొయ్యంతా తిరిగింది. అంచున ఒకే ఒక్క దుబ్బు పచ్చగా ఉంది. నాటిన రోజు వాన ముంచుకొస్తుంటే మేం కడక్కుండా గుచ్చేసిన దుబ్బు అదే. వేళ్ళ దగ్గరి మట్టి తీసి వాసన చూసింది. మా చిత్తడి నల్లబురద కంపే, కుళ్ళిన గుడ్డు కంపు.

మర్నాటినుంచి బురదతో సహా దుబ్బులు పడవల్లో మోశాం. గేటు దగ్గర కాపలావాడు అడ్డొచ్చి, అనుమతి ఏదన్నాడు.

"మీ నీళ్ళు నా మడిలోకి నన్నడిగే వచ్చాయా నాయనా?" అంది అచిల్.

వాడు పక్కకి జరిగాడు.

ఆ బురదలోని కంటికి కనిపించని క్రిములే పులుపుని విరుస్తున్నాయని, ఏడాది తరవాత ఇంజనీరు నీళ్ళు పరీక్షించి తేల్చాడు. ముక్కున్నవాళ్ళకి ఆ సంగతి ముందే తెలుసని అచిల్ దెప్పింది. ఆ పంటకి ఆవిడ మడిలో నారు నిలబడింది.

వెంటనే కంపెనీ పెద్దలు ఫోటోలు తీయించుకోడానికి దిగారు. కంపెనీ బోర్డు ముందు ఆవిడని నిలబెట్టారు. మోచేతులదాకా బురద. చేతులు కడుక్కుని రమ్మని ఇంజనీరు మెల్లగా చెప్పాడు.

అచిల్ కదల్లేదు. రెండు అరచేతులూ తెల్లటి బోర్డుకి ఆనించి నిలబడింది.

"మొదటిసారి కడిగాం కదా సార్. అన్నీ చచ్చాయి. ఇలాగే తియ్యండి."