ఆ వారం నిఘంటువు మా ఇంట్లో ఉంది

ఒక సౌకర్యం అందరిదీ అని వాదించేటప్పుడు, ఆ 'అందరి'లో ఎవరెవరు ఉన్నారో మీరెప్పుడైనా విచారించారా?

నేను విచారించలేదు. గోదావరిఖనిలో డిగ్రీ చదువుతూ, కాలేజీ డిబేట్ పోటీల్లో వరసగా గెలుస్తున్న రోజులవి. తర్కానికి పుట్టిల్లు గ్రీకు దేశమని ఎక్కడో చదివి, ఆ ప్రాచీన భాష నేర్చుకోవాలన్న ఉబలాటంతో మా కాలనీ పక్కనున్న చర్చికి వెళ్లాను. బైబిల్ కొత్త నిబంధన మూలభాష అదే కనుక, అక్కడి పాస్టరుగారు ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరికి గ్రీకు చెప్పేవారు. ఒకరు నేను. రెండోవారు కమాన్‌పూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒక అక్క. నాది ఉబలాటం మాత్రమే. ఆమెకు మాత్రం ప్రవేశ పరీక్షలో గ్రీకు పేపరు గట్టెక్కితేనే బైబిల్ కాలేజీలో సీటు.

ఇద్దరికీ పాస్టరుగారిచ్చిన అచ్చు నిఘంటువు ఒక్కటే. ఒక వారం నా దగ్గర, ఒక వారం ఆమె దగ్గర. గనిలో పనిచేసే మా నాన్న నవ్వేవాడు.

"ఏంది బిడ్డా, బుక్కుకు గూడ షిఫ్టులేనా? మరి ఓవర్‌టైం పైసలు ఇస్తుండ్రా దానికి?"

గ్రీకు క్రియ వాక్యంలో ఒక రూపంలో కనిపిస్తుంది, నిఘంటువులో మరో రూపంలో ఉంటుంది. మన 'రా' అన్న మాటను 'వచ్చు' దగ్గర వెతుక్కోవలసి వచ్చినట్టే. అచ్చు పుస్తకంలో ఆ మూలరూపాన్ని మనమే పట్టుకోవాలి. నెట్‌లోనైతే ఎదురైన మాటను ఉన్నదున్నట్టు కొడితే చాలు, మూలమూ అర్థమూ తెరమీదికి వస్తాయి.

అందుకే పాస్టరుగారు రెండో ప్రతి తెప్పిస్తానన్నప్పుడు లేచి వ్యతిరేకించింది నేనే.

"బుక్కు ఒక్కరి చేతులనే ఉంటది అయ్యగారూ. నెట్ అందరిది. ఇంకోటి తెప్పించుడు దండుగ."

"నాకైతే బుక్కే మంచిగనిపిస్తది చెల్లె," అంది అక్క. "ఒక్క మాటకు పోతే పక్క మాటలు గూడ కండ్లవడతయి."

"అది నీ అలవాటు అక్కా, వాదన కాదు."

"నీతోని గెలుసుడు నావల్ల గాదు తల్లీ," అని పాస్టరుగారు ఊరుకున్నారు. నా వాదనకు తలొగ్గి అక్క తన వారాన్ని కూడా నాకే వదిలేసి, చౌరస్తాలోని నెట్ సెంటరుకు అలవాటు పడింది.

బొగ్గు తీసే ఊరు మాది. కరెంటు లేని రోజొకటి వస్తుందన్న ఊహే నా వాదనలో లేదు. ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ కోసం గనులు సమ్మెకు దిగాయి. బస్సులు ఆగాయి, కరెంటు కోతలు పెరిగాయి, నెట్ సెంటరు షట్టరు దిగింది. అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, నెట్ సెంటర్ బందయింది. పరీక్షేమో దగ్గరికొచ్చె."

"సమ్మె గదక్కా. జర ఓపిక పట్టాలె. మన తెలంగాణ కోసమే గద."

"గది నాకెర్క లేదా? మా అన్న గూడ సమ్మెలనే ఉన్నడు." ఆ వెంటనే అడిగింది. "బుక్కు నీ దగ్గర్నే ఉన్నదా?"

"ఉన్నది."

ఇవ్వమని ఆమె అనలేదు. తెస్తానని నేను అనలేదు. మరునాడు సమ్మె శిబిరంలో చేయవలసిన ప్రసంగం నా తలలో తిరుగుతోంది. బస్సులు లేవన్నది నిజం. మా ఇంట్లో సైకిలు ఉందన్నదీ అంతే నిజం.

బస్సులు తిరిగాక పుస్తకం ఆమెకు చేరింది. అప్పటికి పరీక్ష ముంచుకొచ్చింది. హాల్లోకి అచ్చు నిఘంటువును మాత్రమే అనుమతించారు.

"ముంగట వెట్టుకొని కూసున్న చెల్లె," అంది తర్వాత. "ఏ మాట ఎక్కడ దేవులాడాల్నో సమజ్ కాలే. నెట్‌కు మరిగి అన్నీ మర్సిపోయిన."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే, ఏదో ఒక జవాబు చెప్పి బయటపడేదాన్ని. సీటు రాలేదు. మరుసటి ఏడు వాళ్ల పల్లె, నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గుగని కింద పోయింది. కొత్తచోట ఇల్లు నిలబెట్టుకునే పనుల్లో పడి ఆమె మళ్లీ పరీక్ష రాయలేదు.

నెట్ నిఘంటువు మేలని ఇప్పటికీ ఏ వేదిక మీదనైనా వాదించగలను. అయితే అవసరం ఆమెది, తీర్పు నాది. ఆ అన్యాయానికి నా దగ్గర వాదన లేదు.

అందుకే అడుగుతున్నాను. మీకు ఉబలాటం మాత్రమే ఉన్న పుస్తకం మీ అల్మారాలో ఉంటే, దాని మీద బతుకు ఆధారపడినవారు ఎక్కడున్నారో వాకబు చేయండి. వాళ్లు నోరు తెరిచి అడిగేదాకా ఆగకండి. మీరే తీసుకెళ్లి ఇచ్చి రండి.