నవధాన్యాలు మోసిన ఓడ

ముక్త్యాల రేవులో పడవ ఎక్కమంటే నాకు కాళ్ళు వణుకుతాయి. చిన్నప్పట్నుంచీ అంతే. కృష్ణ అవతలి గట్టున పెళ్ళికి పిలిస్తే, చుట్టూ తిరిగి బస్సులో వెళ్ళి, తాళి కట్టాక అక్షింతలు వేసి వచ్చిన ఘనుణ్ణి. అలాంటివాణ్ణి అరవై దాటాక మూడు స్తంభాల తెరచాప ఓడ కట్టడానికి కూర్చున్నాను. అదీ జగ్గయ్యపేటలో, ఎటు చూసినా సున్నపురాయే తప్ప సముద్రం టీవీలో మాత్రమే కనిపించే ఊళ్ళో. ఇంతకంటే తెలివితక్కువ పని ఇంకొకటి ఉంటే అదీ చేసి ఉండేవాణ్ణే, తట్టలేదంతే.

నిజానికి ఈ పనికి నన్ను దింపింది కాళ్ళ వణుకు కాదు, చేతి వణుకు. మాది ప్లైవుడ్ కొట్టు. ఒకరోజు టేపు పట్టి షీటు మీద గీత గీస్తుంటే అది వంకర పోయింది. కొనడానికి వచ్చిన వడ్రంగి మర్యాదగా వేరేవైపు చూశాడు. ఆ మర్యాదే గుచ్చుకుంది. విజయవాడలో డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు, పూర్తిగా తగ్గదు అన్నారు. "ఈ చేత్తో సన్నపని ఏదైనా చేద్దామనుకుంటే ఇప్పుడే చేసెయ్యండి" అని కూడా అన్నారు. తిరుగు బస్సులో ఎంత ఆలోచించినా నా చేతుల్తో చేసిన సన్నపని ఒక్కటీ గుర్తుకు రాలేదు. జీవితమంతా చెక్క అమ్ముకుని బతికాను, ఒక్క పీటైనా చెక్కలేదు.

అందుకే ఓడ. బొమ్మ ఓడ కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. పెట్టె నిండా అగరొత్తులంత సన్నటి పలకలు, దారపు ఉండలు. కొట్టు మా పెద్దబ్బాయికి వదిలి సాయంత్రాలు మేడమీద గదిలో కూర్చునేవాణ్ణి. పలకను వేడినీళ్ళలో నానబెట్టి, మెత్తబడ్డాక వంచి, చేపముల్లు లాంటి చట్రానికి అంటించాలి. ఆ పనికి మా ఆవిడ చారుగిన్నె ఒకటి బలైంది.

తొందరగానే నీరసం వచ్చింది. పలక కంటే ముందు మనసు విరిగేది. వణుకు ఉన్న రోజు జిగురంతా వేళ్ళకే. వణుకు లేని రోజు, రేపు వస్తుందేమోనన్న దిగులు. వార్నీషు ఆరేలోపు ఊరి సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము వచ్చి హాయిగా పడుకునేది. కొన్నాళ్ళు ఆ గది తలుపు కూడా తీయలేదు.

ఒకరోజు అన్నంలో పెరుగు గిన్నె మొత్తం వంపుకోబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "అంతా ఊడ్చేస్తే రేపటికి తోడెక్కడిదండీ?" అంది. ఆవిడ పెరుగు గురించే అంది. నాకు మాత్రం ఓడ వినిపించింది. అప్పట్నుంచి ఏ రోజూ పని పూర్తిగా ముగించలేదు. ఒక పలక కోసి, వంచి, చోటులో ఆనించి, అంటించకుండా లేచి వచ్చేవాణ్ణి. మర్నాడు గదిలోకి వెళ్ళగానే చేతికి పని తయారుగా ఉండేది. ఆ ఒక్కటీ అంటిస్తే రెండోది దానంతటదే తోడుకునేది. అలా ఓడ పొట్ట పలకలతో మూసుకుంది, పైన డెక్ పరిచాను, పెద్ద స్తంభం ఎత్తే రోజు వచ్చింది.

అప్పుడు రంగంలోకి దిగాడు మా బావ. మా అక్క భర్త. నందిగామలో పప్పుధాన్యాల హోల్‌సేల్ వ్యాపారం. ముహూర్తం చూడకుండా మంచం కూడా జరపనివ్వడు.

"స్తంభం రేపే ఎత్తేస్తావా? మూఢం ఉందో లేదో చూసావా?" అన్నాడు ఫోన్‌లో.

"బొమ్మ ఓడకి మూఢమేంటి బావా?"

"ఇల్లు కట్టేటప్పుడు ద్వారబంధం ఊరికే నిలబెడతామా? గడప కింద నవధాన్యాలు వెయ్యమూ? ఓడకి స్తంభమే ద్వారబంధం. నేనొస్తున్నా, నువ్వు చెయ్యి పెట్టమాక."

వచ్చాడు. డెక్‌లో స్తంభం కోసం వదిలిన కన్నానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, సంచీ విప్పాడు.

"రెండు గింజలు చాలు బావా."

"పిసినారి మాటలు మాట్లాడకు. మా కొట్లో సరుకు, ఫస్ట్ క్వాలిటీ."

హోల్‌సేల్ మనిషికి చిల్లరగా వెయ్యడం ఏం తెలుసు? గుప్పెడు పోశాడు. ఓడ పొట్ట బోలు, గలగలా లోపలికి దిగిపోయాయి. పైన చెంబుతో పసుపునీళ్ళు వంచాడు. నేను జిగురు రాసి స్తంభం దించాను. అందరం పులిహోర తిన్నాం.

నాలుగైదు రోజులకి గదిలో పులిసిన వాసన. డెక్ ఉబ్బి మధ్యకి చీలింది. పక్క పలకలు విడిపోయాయి. స్తంభం మొదట్లోంచి ఒక పెసర మొలక తెల్లగా తొంగి చూస్తోంది. లోపల శనగలు నాని, ఓడని కడుపుతో ఉన్నదాన్ని చేశాయి.

ఫోన్ చేసి చెప్పాను. ఏ గింజ మొలిచిందని అడిగాడు బావ. తర్వాత, "మొలకొచ్చిందంటే శుభమేగా?" అన్నాడు.

"నీ సరుక్కి శుభం బావా. నా ఓడకి కాదు."

డెక్ మొత్తం పీకాలి, పక్కలు సగం పీకాలి. అప్పటికి సాయంత్రాలు నా చెయ్యి మాట వినడం మానేసింది. పొద్దున మాత్ర వేసుకున్నాక కాసేపు మాత్రం బుద్ధిగా ఉండేది. అంత కొంచెం కాలాన్ని, కట్టినదాన్ని కూల్చడానికి ఖర్చుపెట్టాలి. చాలా రోజులు దాని ఎదురుగా ఊరికే కూర్చున్నాను. ఇక చాలు అనుకున్నాను కూడా. కానీ ఇక్కడ వదిలేస్తే నన్ను ఆపింది నా జబ్బు కాదు, శనగలు. జబ్బు చేతిలో ఓడితే ఓడాననుకోవచ్చు. శనగల చేతిలో ఓడానని ఎవరితో చెప్పుకోను?

మళ్ళీ మొదలుపెట్టాను. కొట్టులో వాడే పట్టకారుతో పలకలు పీకాను. తాళ్ళ ముడులు పళ్ళతో బిగించాను. రెండో డెక్ మొదటిదంత నునుపుగా రాలేదు, ముడులు కొన్ని జారాయి, ఒక తెరచాప కాస్త ఏడుపు మొహం పెట్టింది. అయినా వానలు మొదలయ్యేసరికి ఓడ పూర్తయింది. ఆ వర్షాకాలంలోనే పప్పన్నం చెంచాతో తినడం కూడా కష్టమైంది. ఇప్పుడు మా ఆవిడ కలిపి పెడుతోంది.

ఈలోగా బావ చుట్టాలందరికీ చెప్పేశాడు, ముహూర్త బలం వల్లే ఓడ ఒడ్డున పడిందని. పెళ్ళిళ్ళలో నన్ను చూపించి మరీ చెప్పేవాడు. నేను నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఓ ఆదివారం కారులో ఓడని నందిగామ తీసుకెళ్ళి, ఆయన కొట్లో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టించాను. "నీ ముహూర్తంతో కట్టింది, నీ దగ్గరే ఉండాలి బావా" అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు కొంచెం జాలేసింది. కొంచెమే. జేబులోంచి మెత్తటి కుంచె తీసి ఇచ్చాను.

"దుమ్ము పడితే తాళ్ళు పాడైపోతాయి బావా. వారం వారం ఒక్కో తాడూ విడివిడిగా దీంతో తుడవాలి. గుడ్డ పెట్టావంటే తెగుతాయి. కొట్లో కుర్రాళ్ళ చేతికివ్వద్దు, నువ్వే చెయ్యాలి."

పప్పుల కొట్లో పొట్టు, దుమ్ము ఎంత లేస్తాయో అందరికీ తెలిసిందే. మొన్న ఆదివారం ఫోన్ చేశాడు.

"ఏమోయ్, పొద్దుట్నుంచి కూర్చుంటే ఒక్క స్తంభమే అయిందయ్యా. మెడ పట్టేసింది. కళ్ళు లాగుతున్నయ్. ఎట్టా కట్టావయ్యా బాబూ ఇన్ని తాళ్ళు? ఎవరు కట్టమన్నారసలు?"

ఫోన్ స్పీకర్‌లో పెట్టమని మా ఆవిడకి సైగ చేశాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆయన తిట్లన్నీ చివరిదాకా శ్రద్ధగా విన్నాను.