కుళ్ళాయప్పకు నిజం చెప్పాల్సిందే

ఉరవకొండ బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఇంజిన్లు బాగుచేసే కుళ్ళాయప్పకు ఒకటే జబ్బు. బండి తెచ్చినవాడు జరిగింది జరిగినట్టు చెప్పేదాకా స్పానరు ముట్టడు. ముట్టడంటే ముట్టడు. ఆయిల్ డబ్బా బోర్లించుకుని కూర్చుంటాడు, టీ తెప్పిస్తాడు, ఎదుటివాడి మొహంలోకి చూస్తూ "చెప్పప్పా, ఏమైనాది?" అంటాడు. చెప్పిందంతా ఓపిగ్గా విని, టీ పూర్తిచేసి, "అది సరే, ఏమైనాది?" అని మళ్ళీ మొదలుపెడతాడు.

వనజాక్షి టీచరు మోపెడ్‌ని తోసుకుంటూ వచ్చి, "ఉన్నట్టుండి ఆగిపోయిందన్నా" అంది. ఒక టీ అయింది, రెండు టీలయ్యాయి. మూడో టీకి ఆమె తల వంచుకుని, పెట్రోలు దొరక్క రేషను కిరసనాయిలు పోశానని ఒప్పుకుంది. "ఈ మాట ముందే చెప్పింటే ఈపాటికి బడికి పోయింటివి గదమ్మా" అని కుళ్ళాయప్ప పదినిమిషాల్లో బండి చేతికిచ్చాడు.

లారీ డ్రైవరు ప్రతాప్ సంగతి ఇంకా ఘోరం. గుంతకల్లు దారిలో గుంతలో పడి స్ప్రింగు పట్టా విరిగిందన్నాడు. కుళ్ళాయప్ప చక్రం దగ్గర మన్ను కొంచెం గిల్లి చూశాడు.

"గుంతకల్లు దారిలో అంతా నల్లమన్ను. ఇది ఎర్రగా ఉండాదే?"

"దుమ్ము కొట్టుకొచ్చింటాది లేన్నా."

"యాడినుంచి? మడకశిర నుంచా?"

ప్రతాప్ అత్తగారి ఊరు మడకశిర పక్కనే. ఓనరుకు చెప్పకుండా, అత్త పొట్టేలుకూర వండిందని కబురొస్తే, లోడుతో సహా లారీని అక్కడికి తోలాడు మహానుభావుడు. ఆ రోజు నుంచి ఆ చుట్టుపక్కల డ్రైవర్లలో ఒక మాట పుట్టింది. పెండ్లాం దగ్గర దాయొచ్చు, ఓనరు దగ్గర దాయొచ్చు, కుళ్ళాయప్ప దగ్గర దాయలేం అని. ఈ కథలన్నీ వాళ్ళే తర్వాత నవ్వుకుంటూ చెప్పుకున్నవి. ఆయన నోటి నుంచి మాత్రం ఒక్కటీ బయటికి రాలేదు.

అటువంటి మనిషి ముందు కూర్చోవలసిన రోజు డ్రైవరు సుంకన్నకు రెండువేల ఏడులో వచ్చింది.

సుంకన్న విడపనకల్లు దగ్గర పల్లెలో బయ్యన్న అనే ఆసామి దగ్గర పదకొండేళ్ళుగా డ్రైవరు. ఈ బయ్యన్న ఒకసారి బెంగళూరు వేలంపాటకు పోయి ఒక వింత బండి కొనుక్కొచ్చాడు. ఆరు బుడగ చక్రాలు, పడవలాంటి ఒళ్ళు, స్టీరింగు లేదు, రెండు కడ్డీలు పట్టుకుని తోలాలి. నేలమీదా పోతుంది, నీళ్ళమీదా పోతుంది అన్నారట. మన దగ్గర నీళ్ళెక్కడున్నాయి అని ఆయన్ను అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికుంది! దానికి 'పడవ' అని పేరు పెట్టి ఊరుకున్నారు. ఆరేళ్ళపాటు ఆ పడవ చేలల్లోంచి పశువుల మేతకు వేరుశెనగ కట్టె మోసింది, ఎన్నికలప్పుడు బయ్యన్నను మోసింది. ఒక్క రోజు కూడా నీటిబొట్టు చూడలేదు.

ఆ ఏడు మాత్రం వాన దంచి కొట్టింది. ఊరి బయటి కుంట అంచుల దాకా నిండింది. బయ్యన్న రెండు ఊళ్ళకు చాటింపు వేయించి, కొత్త పంచె కట్టుకుని, పడవలో ఎక్కి నిలబడ్డాడు. సుంకన్న కడ్డీలు పట్టుకున్నాడు. బండి ఠీవిగా నీళ్ళలోకి దిగింది. జనం ఈలలు వేశారు.

ముప్పై గజాలు పోయాక బయ్యన్న గొంతు తగ్గించి అడిగాడు. "సుంకన్నా, కాళ్ళు తడుస్తాండాయి గదరా?"

"తడుస్తాండాయన్నా."

"ఇట్లనే ఉంటాదా ఇది?"

"నాకేం తెలుసన్నా, నేనూ ఇదే మొదలు!"

ఇంజిన్ దగ్గింది, ఆగిపోయింది. తర్వాత బండి మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది. బయ్యన్న ఎత్తిన చెయ్యి దించకుండా మోకాలు దాకా, నడుము దాకా మునిగాడు. గట్టుమీద జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఈ బండి నీళ్ళ కింద కూడా పోతుందని వాళ్ళనుకున్నారు పాపం.

ట్రాక్టరుకు మోకు కట్టి బండిని బయటికి లాగారు. బయ్యన్న పంచె పిండించుకుంటూ ఒకే మాట అన్నాడు. "ఎవురి తప్పో తేలల్ల. నీదని తేలిందంటే తాళాలు ఆడ పెట్టి పో." ఆయన ఇంతకన్నా చిన్న తప్పులకే ఇద్దరు డ్రైవర్లను పంపేశాడు. ఈ పని పోతే సుంకన్న మళ్ళీ బెంగళూరులో ఇటుకలు మోయడానికి పోవాలి. భార్య పెద్దక్కను, ఇంటిని వదిలిపెట్టి ఆ రేకుల గుడిసెల్లో ఇంకోసారి బతకాలి.

బండిని ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని ఉరవకొండ తెచ్చాడు. కుళ్ళాయప్ప డబ్బా బోర్లించాడు. టీ వచ్చింది.

"చెప్పప్పా. ఆగినాక మునిగిందా, మునిగినాక ఆగిందా?"

"ఆగినాకే మునిగిందన్నా. ఒట్టు."

"మంచిది. బయటికి లాగినాక తాళం తిప్పినావా?"

"అబ్బే! చెయ్యే పెట్టలేదు."

కుళ్ళాయప్ప టీ ఊదుకుని తాగాడు. రెండోది తెప్పించాడు. రోడ్డుమీద పోయే బస్సులు చూశాడు. మూడోది తెప్పించాడు. సుంకన్న కూర్చున్నచోటే అటూఇటూ మెదిలాడు.

"రెండుసార్లు తిప్పినానన్నా," అన్నాడు చివరికి. "అందురూ ఆయప్ప పంచె పిండుతాండారు. భయమేసి తిప్పినా. టక్‌మని ఆగిపోయింది."

కుళ్ళాయప్ప కోప్పడలేదు. "చూడు, సిలిండరులో నీళ్ళుంటే పిస్టను పైకి రాలేదు. బలవంతంగా తిప్పితే లోపల కనెక్టింగ్ రాడ్డు వంగుతాది. నువ్వు చెప్పకపోతే నేను చూసుకోకుండా స్టార్టు చేసుందును, ఇంజిన్ ముక్కలైపోతుండె. నాకు నిజం కావల్సింది ఇందుకప్పా, నీ గుట్టు నాకెందుకు?"

సుంకన్న ఊపిరి పీల్చుకుని లేవబోయాడు.

"కూర్చో. అసలు నీళ్ళు లోపలికి యాడినుంచి వచ్చినాయి?"

బండి అడుగున కడిగిన నీళ్ళు పోవడానికి ఒక రంధ్రం ఉంది. దానికి రబ్బరు బిరడా ఉండాలి. ఆ బిరడా నాలుగేళ్ళుగా సుంకన్న ఇంట్లో నీళ్ళ డ్రమ్ముకు ఉంది. నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే ఊరు. డ్రమ్ము కుళాయి విరిగిపోయి నీళ్ళన్నీ మట్టిపాలవుతుంటే పెద్దక్క ఏడ్చినంత పని చేసింది. రెండు రోజులకని తెచ్చిన బిరడా సరిగ్గా అతికినట్టు పట్టేసింది. బండికి దాని అవసరం ఏనాడూ రాలేదు, కాబట్టి ఎవరికీ గుర్తూ రాలేదు.

నాలుగో టీకి సుంకన్న ఇదంతా కక్కేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుళ్ళాయప్ప ఖాళీ గ్లాసు పక్కన పెట్టి అడిగాడు.

"ఇప్పుడు డ్రమ్ము కారతాండాదా?"

"బొట్టు గుడక పోదన్నా."

"మంచి రబ్బరప్పా," అని లేచి స్పానరు అందుకున్నాడు.

రెండు రోజులు పట్టింది. ప్లగ్గులు విప్పి చేత్తో తిప్పితే నీళ్ళు చిమ్మి షెడ్డు రేకులకు కొట్టాయి. రెండు సిలిండర్లలోకీ సైకిలు పుల్ల దించి, పిస్టన్లు రెండూ ఒకే ఎత్తుకు వస్తున్నాయని చూసుకుని, "వంగలేదులే, తిప్పిన బలం చాల్లేదు. మీ బ్యాటరీ సగం చచ్చింది కాబట్టి ఇంజిన్ బతికింది" అన్నాడు. ఆయిలు మజ్జిగలా తెల్లగా కారింది. అది తీసేసి, డీజిలు పోసి కడిగి, కార్బురేటరు విప్పి ఎండబెట్టి, కొత్త ఆయిలు పోశాడు. పాత లారీ టైరు కోసి అడుగున కొత్త బిరడా బిగించాడు. తాళం తిప్పితే బండి నాలుగుసార్లు దగ్గి, తెల్లటి పొగ వదిలి, గుడగుడమంటూ అందుకుంది. సుంకన్న సంతోషంతో ఎగిరి గంతేశాడు. అప్పుడే బయ్యన్న జీపు దిగాడు.

"బాగైంది సరే. ఎవురి తప్పు కుళ్ళాయప్పా?"

సుంకన్న బండి చాటుకు జరిగాడు. ఈ మనిషి దగ్గర అబద్ధమనేది ఉండదని జిల్లాకంతా తెలుసు.

"కరువుదన్నా," అన్నాడు కుళ్ళాయప్ప చేతులు తుడుచుకుంటూ.

"ఏమి?"

"ఆరేండ్లు బండికి నీళ్ళు తగల్లేదు. అడుగున రబ్బరు ఎండి, పగిలి, యాడనో రాలిపోయింది. ఎవురు మాత్రం ఏం చేస్తారు?"

బయ్యన్న మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. "అంటే కరువొచ్చి నా బండిని నీళ్ళలో ముంచిందంటావు!"

"అంతేన్నా."

బయ్యన్న మొహం వెలిగిపోయింది. "కరువుకు చేలు పోయినోళ్ళు ఉండారు, గొడ్లు పోయినోళ్ళు ఉండారు. పడవ మునిగినోణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే గదప్పా!" ఆ క్షణం నుంచి ఆయనకు ఎవరి తప్పో తేల్చాలన్న సంగతి గుర్తే లేదు. టీకొట్టు దగ్గరే కాగితం తెప్పించి, కరువు నష్టం కింద మండలాఫీసుకు అర్జీ రాయించాడు. సాక్షిగా మెకానిక్ సంతకం కావాలన్నాడు.

ఆయన టీ చెప్పడానికి పక్కకు పోగానే సుంకన్న గొణిగాడు. "అన్నా, నాకోసం నువ్వు అబద్ధానికి సంతకం పెడతావా? వద్దన్నా, పాపం తగుల్తాది."

"ప్రతాప్ లారీ యాడ విరిగిందని వాళ్ళ ఓనరుకు తెలుసా?"

"గుంతకల్లు దారిలో అనే ఆ ఓనరు అంటాడు."

"ఆయప్పకు ఆ మాట ఎవురు చెప్పినారనుకున్నావు?" అన్నాడు కుళ్ళాయప్ప. "ఇరవై ఏండ్లుగా ఇదే పని చేస్తాండా. నువ్వు నోరు మూసుకోని టీ తాగు."

సంతకం పెట్టాడు. గ్రీజు మరక అంటిన అర్జీని బయ్యన్న భద్రంగా మడిచి, జీపును వెనక్కి పంపించేసి, పడవెక్కి నిలబడి విడపనకల్లు మండలాఫీసుకు పోనిమ్మన్నాడు. దారి పొడవునా "కరువు కారణంగా నా పడవ మునిగినందున" అని గొంతు సవరించుకుంటూ పైకి చదువుతూనే ఉన్నాడు. సుంకన్న రెండు కడ్డీలూ గట్టిగా పట్టుకుని ముందుకే చూస్తూ తోలాడు. ఒక్కసారి వెనక్కి తిరిగితే నవ్వు ఆగదని, విడపనకల్లు వచ్చేదాకా పెదవి కొరుక్కుంటూనే ఉన్నాడు.